మందు నడుము మీదుగా ఎక్కుతుంది

ఆదోనిలో మాది పురుగుమందుల అంగడి. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా పొద్దున షట్టర్ ఎత్తేసరికే నలుగురైదుగురు వచ్చి నిలబడి ఉంటారు. చుట్టుపక్కల ఎటు చూసినా పత్తి, కాస్త నీళ్లున్న చోట మిరప, ఉల్లి. వచ్చినవాళ్లంతా అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, ఏది గట్టిగా పనిచేస్తది?" ఆ తర్వాత రేటెంత, ట్యాంకుకు ఎంత పోయాలి. అంతటితో సరి. సీసాలోంచి బయటికొచ్చిన మందు ఆకులో ఏమవుతుంది, పురుగు కడుపులో ఏమవుతుంది, దాన్ని కొట్టిన మనిషి ఒంట్లో ఏమవుతుంది అని అడిగినవాళ్లు చాలా తక్కువ.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. తర్వాత డీలర్ల కోసం పెట్టిన ఏడాది డిప్లొమా, 'దేశీ' అంటారే, అది కూడా చేశాను. ఆ చదువులో తెలిసిందీ, అంగట్లో కూర్చుని చూసిందీ కలిపి రాస్తున్నాను. రైతులకంటే ఎక్కువగా, కూలికి మందు కొట్టే పిల్లల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. రైతు సీజన్లో నాలుగైదు సార్లు కొడితే, వాళ్లు రోజుకో చేలో కొడతారు.

మొదట మొక్క సంగతి. పత్తి కాండానికి మందు పూయడం మా వైపు చాలామందికి తెలుసు. విత్తిన 20, 40, 60 రోజులకు ఇమిడాక్లోప్రిడ్ ఒక పాలుకు ఇరవై పాళ్ల నీళ్లు కలిపి, లేత కాండం మీద బ్రష్షుతో పూస్తారు. 2023లో నిషేధం ఉత్తర్వు రాకముందు మోనోక్రోటోఫాస్ ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి కూడా పూసేవాళ్లు. పుల్లకు గుడ్డ చుట్టి పూసేవాళ్లూ ఉన్నారు. ఆకు మీద ఒక్క చుక్క కూడా పడదు. అయినా కొద్ది రోజుల్లో పై ఆకుల అడుగున కూర్చుని రసం పీల్చే పచ్చదోమ, పేనుబంక చచ్చి రాలిపోతాయి. ఇది ఎట్లా జరిగిందో అర్థమైతే సగం సంగతి అర్థమైనట్టే.

కాండం పైపొర దాటి లోపలికి దిగిన మందు, వేరు నుంచి ఆకులకు నీళ్లు తీసుకుపోయే నాళాల్లో కలుస్తుంది. దారువు అని బడిలో చదువుకున్నాం కదా, అదే. ఎండకు ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ కింది నుంచి నీరు పైకి వస్తూ ఉంటుంది. మందు ఆ నీటి వెంటే పోతుంది. అందుకే బాగా ఎండ కాసే రోజుల్లో తొందరగా ఎక్కుతుంది, ముసురు పట్టినప్పుడు ఆలస్యమవుతుంది. పూసిన చోటికి పైనున్న ఆకులకే అందుతుంది, కిందికి పెద్దగా దిగదు. నీళ్లలో బాగా కరిగే మందులకే ఈ నడక కుదురుతుంది. మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్, థయామిథాక్సామ్ ఆ కోవకు చెందినవి.

సైపర్‌మెత్రిన్ అట్లా కాదు. అది నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. ఆకు మీద సహజంగా ఉండే మైనపు పొరలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. పురుగు దాని మీద పాకాలి, లేదా ఆ ఆకు తినాలి. ఆకు పైభాగాన మాత్రమే కొట్టి, "అడుగున తెల్లదోమ చావలేదన్నా, మందు నకిలీదేమో" అని వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. మందు నకిలీది కాదు, దానికి ఆకును దాటి అడుక్కు పోయే గుణం లేదు. ఈ రెంటికీ మధ్యన ఇంకో రకం ఉంది. అబామెక్టిన్, స్పైనోసాడ్ వంటివి మొక్కంతా తిరగవు కానీ, పైన పడితే ఆకు మందంలోకి దిగుతాయి. ఆకులో సొరంగాలు చేసే పురుగుకు అవి పనికొచ్చేది అందుకే.

గ్లైఫోసేట్ దారి పూర్తిగా వేరు. ఆకులో తయారైన చక్కెర వేళ్లకు దిగే నాళాల్లో అది ప్రయాణిస్తుంది. అందుకే పైన ఆకు మీద పడితే భూమిలో తుంగగడ్డ దాకా పోయి చంపుతుంది. పారతో కోసేసిన తుంగ మళ్లీ మొలుస్తుంది, దీంతో చచ్చింది మొలవదు. తేడా అంతా అది ఏ నాళంలో పోతుందన్న దాన్లోనే ఉంది.

రంగు పూసి వచ్చే పత్తి గింజల గురించి కూడా ఒక మాట. ఆ రంగు వెనక ఇమిడాక్లోప్రిడ్ ఉంటుంది, లేదా థయామిథాక్సామ్. మొలకతోపాటే మందు పైకెక్కి మొదటి నెలంతా రసం పీల్చే పురుగుల నుంచి కాపాడుతుంది. కానీ గింజకు పట్టించిన మందులో మొక్క తీసుకునేది చాలా పంటల్లో ఐదో వంతుకు మించదు. మిగిలింది మట్టిలోనే ఉంటుంది. వట్టి చేతులతో విత్తనం వేసే ఆడవాళ్ల వేళ్లు సాయంత్రానికి ఎర్రగా అయివుంటాయి. ఆ చేతులతోనే సద్ది తింటారు. పాకెట్టుతో ఒక జత గ్లౌజులు ఇస్తే ఎంత ఖర్చవుతుంది?

సరే, మొక్కలోకి పోయిన మందు తర్వాత ఏమవుతుంది? మనకున్నట్టు మొక్కకు మూత్రం లేదు. తనలోకి వచ్చిన విషాన్ని బయటికి తోసేసే దారి లేదు. అందుకని మొదట దాన్ని ఎంజైములతో విరగ్గొడుతుంది, తర్వాత దానికి గ్లూకోజో గ్లుటాథయోనో అతికిస్తుంది, ఆపైన కణం మధ్యలో పెద్ద నీటి సంచిలా ఉండే రిక్తికలోకి తోసేస్తుంది, ఇంట్లో పనికిరాని సామాను అటక మీద పడేసినట్టు. కొంత కణాల గోడల్లో అతుక్కుపోయి ఇక ఊడిరాదు. ఈ పనంతా జరగడానికి రోజులు పడుతుంది. సీసా మీద "ఆఖరి పిచికారీకీ కోతకూ మధ్య ఇన్ని రోజులు" అని రాసేది దీన్ని లెక్క గట్టే. కొన్ని మందులకు మూడు రోజులే, కొన్నిటికి నెల దాటుతుంది. మందునూ పంటనూ బట్టి అది మారుతుంది.

పత్తికొండ, ప్యాపిలి వైపు టమాటా రైతులతో నాకు గొడవ వచ్చేది ఇక్కడే. ధర పెరిగిందంటే నిన్న కొట్టి ఈరోజు కోస్తారు. "ఏముందిలేన్నా, కడుక్కుని తింటారు" అంటారు. తోలు మీద ఉన్న సైపర్‌మెత్రిన్ కడిగితే కొంత పోతుంది, ఉప్పు నీళ్లలో నానబెడితే ఇంకొంత పోవచ్చు. కండలోకి దిగిన మందు ఏ నీళ్లకూ పోదు. దాన్ని తగ్గించేది మొక్క తన పని తాను చేసుకోడానికి మనం ఇచ్చే గడువు ఒక్కటే. పైగా విరగడం అంటే ప్రతిసారీ విషం తగ్గడం అని కూడా కాదు. ఎసిఫేట్‌లో కొంత భాగం మొక్కలోనే మెథామిడోఫాస్‌గా మారుతుంది. అది అసలు మందు కంటే చాలా రెట్లు విషం. డైమిథోయేట్ కూడా అంతే, ఒమిథోయేట్‌గా మారి ఇంకా చురుకవుతుంది. మందు కొట్టిన మరుసటి రోజు కాయలో ఉన్నది సీసాలో ఉన్న మందే అనుకోడానికి లేదు.

పురుగు విషయానికొస్తే, మెథామిడోఫాస్‌గా మారే ఆ గుణమే దాన్ని చంపుతుంది. ఎసిఫేట్ తనంతట తాను బలహీనమైనదే. పురుగు ఒంట్లో అది మారిపోయి ప్రాణం తీస్తుంది. పాలిచ్చే జంతువుల ఒంట్లో ఆ మార్పు అంతగా జరగదు. మలాథియాన్ కథ ఇంకా బాగుంటుంది. అది కూడా నేరుగా చంపదు. దానిలో ఫాస్ఫరస్‌కు గంధకం అతుక్కుని ఉంటుంది. ఒంట్లోకి పోయాక ఆ గంధకం పోయి ఆక్సిజన్ చేరితే మలాఆక్సాన్ అవుతుంది, అసలు విషం అదే. పురుగులో ఈ మార్పు చకచకా జరుగుతుంది. మనిషి కాలేయంలో కార్బాక్సిల్ఎస్టరేజ్ అనే ఎంజైము దండిగా ఉంటుంది. మలాథియాన్ విషంగా మారేలోపే దాన్ని అది కోసి పడేస్తుంది. ఎలుకల మీద చూస్తే కిలో బరువుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటితే గానీ మలాథియాన్ చంపదు. మోనోక్రోటోఫాస్ అయితే 20 మిల్లీగ్రాముల లోపే చాలు. రెండూ ఫాస్ఫరస్ మందుల కుటుంబమే, ఒకదాన్ని ఒళ్లు విరగ్గొట్టగలదు, ఇంకోదాన్ని అంత తొందరగా విరగ్గొట్టలేదు. పైగా మోనోక్రోటోఫాస్‌కు ఏ మార్పూ అక్కర్లేదు, సీసాలో ఉండగానే సిద్ధమైన విషం.

అట్లాగని మలాథియాన్ మెత్తనిదని ధీమాగా ఉండకూడదు. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల కోసం మలాథియాన్ కొట్టిన 7500 మంది కూలీల్లో సుమారు 2800 మందికి విషం ఎక్కింది, ఐదుగురు చనిపోయారు. మందు నిల్వ ఉండి దాన్లో ఐసోమలాథియాన్ తయారైంది. ఆ మలినం మనల్ని కాపాడే కార్బాక్సిల్ఎస్టరేజ్‌నే కట్టేసింది. కాపలా పోయాక మెత్తని మందు కూడా చంపింది. గోడౌన్‌లో రేకుల కింద ఎండాకాలమంతా మగ్గిన పాత స్టాకు తక్కువ రేటుకు వస్తుందని ఎవరైనా చెబితే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. అటువంటి సరుకు మా అంగట్లోకి రానివ్వను.

పురుగు కూడా మనలాగే నేర్చుకుంటుంది. కాదు, నేర్చుకోదు, విరగ్గొట్టే శక్తి ఉన్నవి బతికి పిల్లల్ని పెడతాయి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులకు చావడం మానేసి పత్తి తుడిచిపెట్టుకుపోయింది. ఎన్నో కుటుంబాలు అప్పుల్లో మునిగిపోయాయి. అప్పుడు నాన్న ఏం చేయాలో తెలియక, ఒకే మందు రెండింతలు వేయమని చెప్పే కంపెనీ మనుషులతో వాదించేవాడట. తెల్లదోమ ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునేది సీవైపీ6సీఎం1 అనే ఒక్క ఎంజైమును ఎక్కువగా తయారుచేసుకుని. దాని ఒంట్లో ఆ ఎంజైము దండిగా ఉంటే మందు నరానికి చేరేలోపే ముక్కలైపోతుంది. మోతాదు పెంచితే ఈ ఎంజైము ఇంకా బలంగా ఉన్నవే మిగులుతాయి. రెండింతలు పోసిన చేలోనే మరుసటి ఏడు మందు అసలు పనిచేయకపోవడం అందుకే. ఈ ఎంజైములను కట్టేసే పదార్థాలు కూడా ఉన్నాయి. 1940లో అమెరికాలో పైరెత్రం మందులో నువ్వుల నూనె కలిపితే దాని దెబ్బ పెరుగుతుందని తెలిసింది. నువ్వుల్లో ఉండే సెసమిన్, సెసమోలిన్ పురుగు ఎంజైములను ఆపుతాయి. ఆ దారిలోనే తర్వాత పైపెరోనిల్ బ్యూటాక్సైడ్ వచ్చింది. ఇప్పుడు కొన్ని దోమతెరల్లో అదే ఉంటుంది.

ఇక మనిషి. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే.

పోయిన సెప్టెంబరులో ఒక పిల్లోడు స్ప్రేయర్ వాషర్ కావాలని అంగడికి వచ్చాడు. కూలికి మందు కొడతాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాడు. స్ప్రేయర్ ఇంకా వీపు మీదే ఉంది. దించమన్నాను. ట్యాంకు మూత కింద రబ్బరు వాషర్ ఒకపక్క తెగి లేచిపోయింది. వంగినప్పుడల్లా దాన్లోంచి మందు కారి, చొక్కా వీపంతా తడిసి, అక్కడి నుంచి దిగి నడుము దగ్గర లుంగీ ముడిలో ఇంకిపోయింది. లుంగీ మొలకు అతుక్కుపోయి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు.

"ఎప్పటి నుంచి కారుతున్నాదప్పా?"

"పొద్దున్నుంచి కారుతున్నాదన్నా. మూతికి గుడ్డ కట్టుకున్నా గదా."

అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మందు ముక్కు నుంచో నోటి నుంచో పోతుందని అందరి నమ్మకం. వాసన కొడుతుంది కాబట్టి అట్లా అనిపిస్తుంది. పొలంలో మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి పోయేది చాలావరకు చర్మం గుండానే. 1971లో కాలిఫోర్నియాలో పరిశోధకులు దీన్ని కొలిచారు. పారాథియాన్ అనే మందును, ఇప్పుడు మన దేశంలో నిషేధం ఉన్నదాన్ని, కొద్దికొద్దిగా మనుషుల ఒంటి మీద ఒక్కో చోట రాసి, తర్వాతి రోజుల్లో మూత్రంలో ఎంత వచ్చిందో చూశారు. ముంజేతి మీద రాస్తే 8.6 శాతం లోపలికి పోయింది. అరచేతి మీద 11.8. మాడు మీద 32. నుదుటి మీద 36. చంకలో 64. వృషణాల మీద రాస్తే దాదాపు నూటికి నూరు శాతం. అంటే ముంజేతి కంటే పదకొండు రెట్లకు పైన. శాతాలు మందు మందుకూ మారతాయి. ఉదాహరణకు క్లోర్‌పైరిఫాస్ చర్మం మీద పడితే పోయేది నూటికి ఒకటి రెండు పాళ్లే, మింగితే డెబ్బై దాకా పోతుంది. కానీ చర్మం ఎక్కడ పలుచగా, తడిగా, వెచ్చగా ఉంటే అక్కడ ఎక్కువ పోతుందన్నది అన్నిటికీ వర్తిస్తుంది. తడిసిన లుంగీ ముడి సరిగ్గా ఆ చోటనే మందును గంటల తరబడి అదిమి పట్టి ఉంచుతుంది. ఎండకు చెమట పట్టి, చర్మం నాని, రక్తం పైకి పారుతూ ఉంటే ఇంకా తొందరగా పోతుంది.

నోటి ద్వారా పోయిన మందు పేగుల నుంచి ముందు కాలేయానికి పోతుంది, అక్కడ కొంత విరిగిపోతుంది. చర్మం గుండా పోయింది కాలేయాన్ని మొదట కలవకుండానే రక్తంలో తిరుగుతుంది. తాగితేనే విషం, పైన పడితే ఏం కాదు అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఒంట్లోకి వచ్చాక ఈ ఫాస్ఫరస్ మందులు చేసే పని ఒకటే. నరం చివర నుంచి కండకు కబురు పంపేది అసిటైల్‌కోలిన్ అనే పదార్థం. కబురు అందగానే దాన్ని విరగ్గొట్టడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. మందు పోయి ఆ ఎంజైముకు అతుక్కుంటుంది. అంతే, కబురు ఆగదు. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, ఒళ్లంతా చెమట, కడుపులో నొప్పి, విరేచనాలు, ఛాతీ బిగపట్టడం, కండలు అదరడం. కంటి పాప గుండుసూది మొన అంత అవుతుంది. మా ఊళ్లలో దీన్ని వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి చెట్టు కింద పడుకోబెడతారు. వడదెబ్బలో కంటి పాప అంత చిన్నది కాదు, నోట్లో చొంగ కారదు. ఈ రెండూ చూస్తే మందు ఎక్కిందనే అనుకుని కదలాలి. పాలు, బెల్లం, మజ్జిగ దీనికి విరుగుడు కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మందు కొంతసేపటికి మూత్రంలో పోతుంది. క్లోర్‌పైరిఫాస్ నుంచి పుట్టిన ముక్క ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 27 గంటలు పడుతుంది. నాలుగైదు రోజుల్లో దాదాపు అంతా పోయినట్టే. కానీ అది కట్టేసిన ఎంజైము అంత తొందరగా తిరిగి రాదు. ఎర్ర రక్తకణాల్లో ఉండే కోలినెస్టరేజ్ రోజుకు సుమారు ఒక్క శాతం చొప్పున కోలుకుంటుంది, పాత కణాలు పోయి కొత్తవి పుడితే గానీ రాదు కాబట్టి. ఒక కణం బతికేది 120 రోజులు. అంటే ఈ వారం 20 శాతం పోగొట్టుకున్నవాడు వచ్చే వారానికి సగం కూడా సంపాదించుకోడు. మళ్లీ కొడతాడు, ఇంకో 20 పోతుంది. నాలుగో చేనుకు వచ్చేసరికి, మొదటి రోజు ఏమీ చేయని అదే మోతాదు వాణ్ణి పడేస్తుంది. "ఇన్నాళ్లూ కొడుతున్నా ఏం కాలేదు, ఈరోజే ఏమైందో" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ ఒక్కరోజు పట్టిన మందు కాదది, సీజనంతా కలిపి పట్టింది.

అందరికీ ఒకేలా ఎక్కదు కూడా. మన రక్తంలో పారాఆక్సోనేజ్ అనే ఇంకో ఎంజైము ఉంది. మలాథియాన్ నుంచి మలాఆక్సాన్ పుట్టినట్టే క్లోర్‌పైరిఫాస్ నుంచి పుట్టే అసలు విషాన్ని అది విరగ్గొడుతుంది. మనిషికీ మనిషికీ దాని శక్తిలో పది రెట్లకు మించిన తేడా ఉంటుంది, అది పుట్టుకతో వచ్చేది. పక్కవాడు రోజుకు పదిహేను ట్యాంకులు కొట్టి నిలబడ్డాడు కాబట్టి నేనూ నిలబడతానని పందెం కట్టేవాళ్లు దీన్ని గమనించాలి. పుట్టిన పిల్లల్లో ఆ ఎంజైము చాలా తక్కువ, పెద్దల స్థాయికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. చంటిబిడ్డ తల్లి, చేను నుంచి వచ్చిన చొక్కా లుంగీ బిడ్డ గుడ్డలతో కలిపి ఉతికితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పక్షులకు కూడా ఈ కాపలా చాలా తక్కువ. ఫాస్ఫరస్ మందు పట్టించిన గింజలు ఏరుకు తిన్న నెమలి, పిచ్చుక చేను గట్టునే పడిపోయేది అందుకే.

పైరెత్రాయిడ్లు, అంటే సైపర్‌మెత్రిన్, లాంబ్డా, డెల్టామెత్రిన్ లాంటివి, మనిషిలో చాలావరకు ఎస్టరేజ్ ఎంజైములతో తొందరగా విరిగిపోతాయి. ముఖం మీద పడితే చిమచిమ మంట వస్తుంది, కొన్ని గంటలకు తగ్గుతుంది. చేపల్లో ఆ విరగ్గొట్టే శక్తి చాలా తక్కువ, మొప్పల గుండా అయితే చకచకా పోతుంది. అందుకే స్ప్రేయర్‌ను కుంటలో కడిగితే చేపలన్నీ తేలిపోతాయి. అయితే మా వైపు బాగా అమ్ముడుపోయేది ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపిన జోడీ మందు. ఆ జోడీ గట్టిగా పనిచేసేది ఎందుకంటే, ప్రొఫెనోఫాస్ పురుగులో ఎస్టరేజ్‌లను కట్టేస్తుంది, సైపర్‌మెత్రిన్‌ను విరగ్గొట్టేవాళ్లు ఇక ఉండరు. మన ఒంట్లోనూ అదే జరుగుతుంది. విడిగా అయితే మనిషి తొందరగా వదిలించుకునే మందు, ఇక్కడ అంత తొందరగా పోదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో తలెత్తు పెరిగిన పత్తిలో నిలబడి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ వాడిన వాటిలో ఈ జోడీ కూడా ఉంది. మన పత్తి కూడా అక్టోబరుకు ఛాతీ దాకా వస్తుంది. మోటారుతో నడిచే తైవాన్ స్ప్రేయర్ నుంచి వచ్చే సన్నని తుంపర పైకి లేచి నుదుటి మీద, మాడు మీద పడుతుంది. ఆ 36, 32 అంకెలు గుర్తుంచుకోండి.

అంగట్లో నేను ఈ సీజన్ నుంచి కొన్ని పనులు చేస్తున్నాను. మూత వాషర్లు పెట్టెలో పెట్టుకుని, స్ప్రేయర్ తెచ్చినవాళ్లకు డబ్బు అడక్కుండా మార్చి ఇస్తున్నాను. కూలికి కొట్టేవాళ్లను ఈ నెలలో ఎన్ని చేలు కొట్టావని అడిగి, ఎక్కువైతే సీసా మీద ఎర్ర త్రికోణం (అన్నిటికంటే ఎక్కువ విషమని గుర్తు) ఉన్న మందు ఇవ్వకుండా, విషం తక్కువైన నీలం, పచ్చ త్రికోణం వాటిలో పనికొచ్చేదేదైనా ఉందేమో చూస్తున్నాను. కొంతమంది కోపగించుకుని పక్క అంగడికి పోతారు, పోనీ. మోకాళ్ల దాకా ప్లాస్టిక్ కవరు, నడుముకు ఎరువు బస్తా లోపలి పాలిథిన్ షీటు చుట్టుకుని, దాని మీద లుంగీ కట్టుకోమని చెబుతున్నాను. తడి లోపలికి పోదు. పని కాగానే అక్కడే, ఇంటికి పోయేదాకా ఆగకుండా, సబ్బుతో నడుమూ తొడలూ కడుక్కోవాలి. చర్మానికి పట్టిన మందును ఊడదీసేది సబ్బే. వట్టి నీళ్లతో కడిగితే నూనె మందు చర్మాన్ని వదలదు. చొక్కా తడిస్తే ఆ తడిలోనే ఇంకో రెండు ట్యాంకులు కొట్టకూడదు, ఇంకో చొక్కా వెంట తీసుకుపోవాలి. నీళ్లు మోసి మందు కలిపే ఆడవాళ్లకు గ్లౌజులు తప్పనిసరి, ఎందుకంటే వాళ్లు ముట్టుకునేది నీళ్లు కలవని చిక్కటి మందు. ఖాళీ డబ్బా ఇంట్లో పెట్టకూడదు. 2013లో బీహార్‌లో బడి పిల్లలు 23 మంది మధ్యాహ్న భోజనం తిని చనిపోయింది వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలవడం వల్లే.

ఎవరికైనా ఎక్కితే బట్టలన్నీ తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. బట్టలు తీసి కడిగే మనిషి చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి. మందు సీసా, లేదా పెట్టె, వెంట తీసుకుపోవాలి. డాక్టరుకు కావాల్సింది పెద్ద అక్షరాల బ్రాండు పేరు కాదు, కింద చిన్నగా రాసిన అసలు మందు పేరు. ఎందుకంటే మొదట ఇచ్చే అట్రోపిన్ ఫాస్ఫరస్ మందులన్నిటికీ పనికొస్తుంది కానీ, ఎంజైమును విడిపించే పామ్ ఇంజెక్షన్ సంగతి అట్లా కాదు. మోనోక్రోటోఫాస్ వంటి వాటిలో ఎంజైము కొద్ది గంటల్లోనే బిగుసుకుపోతుంది, సగం బిగియడానికి నాలుగు గంటలు కూడా పట్టదు, ఆ తర్వాత పామ్ దాన్ని విడిపించలేదు. క్లోర్‌పైరిఫాస్‌కు అదే 33 గంటల దాకా సమయం ఉంటుంది. ప్రొఫెనోఫాస్‌కు పామ్ పెద్దగా అక్కరకు రాదు. ఏ మందో తెలిస్తే డాక్టరు ఎంత తొందరపడాలో, దేనికోసం చూడాలో తెలుస్తుంది. పేరు చెప్పలేకపోతే సీసా ఫోటో తీసి ఇంటి దగ్గర ఉన్నవాళ్లను వాట్సాప్‌లో పంపమనండి. అర్ధరాత్రి అయినా సరే, మా అంగడి బోర్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, మీరు కొన్న రోజు బిల్లు చూసి నేను అసలు మందు పేరు చెబుతాను.